రేడియో రాజ్యం – 9: డాడ్జ్ సిటీలో అలసిపోయిన మార్షల్

గత భాగంలో డెట్రాయిట్‌లోని డబ్ల్యూఎక్స్‌వైజడ్ స్టేషన్ నుంచి 1933లో బయల్దేరిన 'లోన్ రేంజర్' వెంట నడిచాం. నల్ల ముసుగు, వెండి తూటాలు, సిల్వర్ అనే తెల్లగుర్రం, పక్కన టాంటో. ఫ్రాన్ స్ట్రైకర్ వారానికి మూడు నాటకాలు రాసి పోస్తే, స్టేషన్ యజమాని జార్జ్ ట్రెండిల్ చివరికి ఆ హక్కుల్ని 30 లక్షల డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ రేంజర్ ఎవరినీ చంపడు. దొంగ చేతిలోని తుపాకీని మాత్రం గురిచూసి ఎగరగొడతాడు. మందు ముట్టడు, మాట జారడు. పిల్లల్ని రేడియో ముందు కూర్చోబెట్టి తల్లులు నిశ్చింతగా వంటపని చూసుకోగలిగిన నాటకం అది.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చి వెళ్లింది. వాళ్లలో చాలామంది తుపాకీ పట్టుకుని సముద్రాలు దాటి, తూటా తగిలితే మనిషికి ఏమవుతుందో కళ్లారా చూసి వచ్చారు. ఎవరికీ ప్రాణం పోని కాల్పుల కథ వాళ్లకు ఇంకెన్నాళ్లు చెబుతారు?

దీనికి జవాబు న్యూయార్క్‌లో ఒక పెద్దమనిషి సరదా నుంచి పుట్టింది. సీబీఎస్ ఛైర్మన్ విలియం పేలీకి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. అందులోనూ రేమండ్ చాండ్లర్ సృష్టించిన ఫిలిప్ మార్లో అంటే మరీ ఇష్టం. మార్లో లాస్ ఏంజెలిస్ సందుల్లో తిరిగే ప్రైవేటు డిటెక్టివ్. జేబు ఖాళీగా ఉన్నా నోట్లో వ్యంగ్యానికి కరవుండదు, తన్నులు తిన్నా నీతి తప్పడు. అలాంటి మనిషినే గుర్రమెక్కించి పాత పడమటి రాష్ట్రాలకు పంపితే ఎలా ఉంటుందని పేలీకి తోచింది. ఆ మాట కార్యక్రమాల అధిపతి హబ్బెల్ రాబిన్సన్ చెవిన వేశాడు. ఆయన దాన్ని హాలీవుడ్‌లోని హ్యారీ ఆకర్‌మన్‌కు చేరవేశాడు.

1949 వేసవిలో మార్క్ డిల్లన్ అనే మార్షల్ కథను రెండు రకాలుగా రికార్డు చేసి చూశారు. మొదటిదాంట్లో డిల్లన్ కరకు మనిషి. రెండోదాంట్లో హోవర్డ్ కల్వర్ అనే నటుడు కాస్త తేలిగ్గా పలికాడు. పైవాళ్లకు రెండోది నచ్చింది. తీరా చూస్తే కల్వర్ అప్పటికే వేరే నెట్‌వర్క్‌లో 'స్ట్రెయిట్ యారో' అనే పిల్లల వెస్టర్న్‌కు హీరో. మరో వెస్టర్న్‌లో ప్రధాన పాత్ర వేయకూడదని ఆ ఒప్పందంలో రాసి ఉంది. దాంతో డిల్లన్ కథ అటకెక్కింది.

అదే సీబీఎస్ కారిడార్లలో ఈ ప్రయత్నం సంగతి తెలియకుండానే ఇద్దరు మనుషులు ఇలాంటి ఆలోచనతోనే తిరుగుతున్నారు. ఒకరు దర్శక నిర్మాత నార్మన్ మెక్‌డానెల్, రెండోవాడు రచయిత జాన్ మెస్టన్. మెస్టన్ పుట్టింది కొలరాడోలోని ప్యూబ్లోలో. ఆవుల మందల వెంట తిరిగే మనుషుల్ని చిన్నప్పుడే దగ్గర్నుంచి చూసినవాడు. వాళ్లు గిటారు పట్టుకుని పాటలు పాడరనీ, తెల్ల టోపీ పెట్టుకున్నంత మాత్రాన మంచివాళ్లు అయిపోరనీ అతనికి తెలుసు. రేడియోలో మోగే కౌబాయ్ హీరోలంటే అతనికి ఒళ్లుమంట. వీలు దొరికితే ఆ బొమ్మను పగలగొట్టాలన్నదే అతని పట్టుదల.

వీలు 1952 ఏప్రిల్‌లో దొరికింది. సీబీఎస్ వేరే కార్యక్రమాన్ని అర్ధంతరంగా ఆపేసింది. ఖాళీ అయిన అరగంటను నింపడానికి మెక్‌డానెల్‌కు అటూఇటూగా ఒక వారం గడువిచ్చింది. అటక మీది డిల్లన్‌ను దింపి, పేరు మార్క్ నుంచి మ్యాట్‌కు మార్చి, వాల్టర్ న్యూమన్‌తో మొదటి కథ రాయించారు. సంగీత దర్శకుడు రెక్స్ కౌరీ ఇతివృత్త సంగీతాన్ని ఉదయం స్నానాల గదిలో కూర్చుని పది నిమిషాల్లో కట్టాడని చెప్పుకుంటారు. పోనీ అరగంటే పట్టిందనుకున్నా, ఆ బాణీ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మోగింది. ఏప్రిల్ 26న 'గన్‌స్మోక్' తొలిసారి గాలిలోకి వచ్చింది.

ఆ నెలలోనే, పన్నెండు రోజుల ముందు, వాషింగ్టన్‌లో ఇంకో సంగతి జరిగింది. 1948 నుంచి కొత్త టీవీ స్టేషన్లకు అనుమతులు ఆపి ఉంచిన సమాచార సంఘం ఆ ఆంక్షను ఎత్తేసింది. ఇక ఊరూరా టీవీ స్తంభాలు లేవడం ఖాయమైపోయింది. 1950లో అమెరికాలో నూటికి తొమ్మిది ఇళ్లలోనే టీవీ ఉండేది. 1955కల్లా ఆ లెక్క అరవై దాటింది. ప్రకటనల కంపెనీలు సంచులు సర్దుకుని బొమ్మల పెట్టె వైపు పరుగెత్తాయి. రేడియో నాటకానికి డబ్బు తగ్గింది, శ్రోతలు తగ్గారు, పెద్దల శ్రద్ధా తగ్గింది. 'గన్‌స్మోక్' మొదలైనప్పుడు దానికి స్పాన్సరే లేడు.

అదే దాని అదృష్టం. సబ్బు కంపెనీ ప్రతినిధి స్టూడియోలో కూర్చుని, ఈ కథలో అంత విషాదం ఎందుకండీ అని అడిగే పరిస్థితి లేదు. లోన్ రేంజర్‌ను కాపాడిన నియమాల పుస్తకం ఇక్కడ ఎవరూ రాయలేదు. అవసాన దశకు చేరిన మాధ్యమంలో, కాపలా లేని ఆ అరగంటలో, కొందరు ప్రతిభావంతులు తమకు నచ్చినట్టు పనిచేసుకున్నారు. అమెరికన్ రేడియో చరిత్రలో పెద్దల కోసం పుట్టిన అతి గొప్ప వెస్టర్న్‌కు మూలం ఇక్కడుందని ఈ వ్యాసకర్త నమ్మకం.

కథాస్థలం కాన్సస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీ, కాలం 1870ల దశకం. ఈ ఊరు కల్పితం కాదు, అక్కడి చరిత్ర నాటకానికి ఏమీ తీసిపోదు.

డాడ్జ్ సిటీ 1872లో వెలిసింది. ఆ సెప్టెంబరులోనే శాంటా ఫే రైలు అక్కడికి చేరింది. మొదట్లో ఊరి ఆదాయం అడవిదున్నల తోళ్లు. మైదానాల్లో వేటగాళ్లు మందలకు మందల్ని కూల్చి, తోళ్లు ఒలిచి రైలెక్కించేవాళ్లు. కొన్నేళ్లకే దున్నలు కనుమరుగయ్యాయి. అదే సమయంలో టెక్సస్ నుంచి పొడవు కొమ్ముల పశువుల మందలు రావడం మొదలైంది. టెక్సస్‌లో అడిగే దిక్కులేని పశువుకు రైలు స్టేషన్ దగ్గర మంచి ధర పలికేది. కాబట్టి వందల మైళ్లు, నెలల తరబడి దుమ్ములో నడిపించి తోలుకొచ్చేవాళ్లు. అమ్మకం అయ్యాక కౌబాయ్ చేతిలో ఒక్కసారిగా జీతం పడుతుంది. వయసు ఇరవై, గొంతు నిండా దుమ్ము, ఎదురుగా ఫ్రంట్ స్ట్రీట్ పొడవునా సెలూన్లు. ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఊరి వ్యాపారులకు వీళ్ల డబ్బు కావాలి, వీళ్ల తుపాకులు వద్దు. ఆ గొడవ తీర్చడానికి పెట్టుకున్న మనిషే మార్షల్. రైలు పట్టాలకు ఉత్తరాన తుపాకీ తగిలించుకుని తిరగడం నేరమని పట్టణ సభ చట్టం చేసింది. ఆనాటి ఫ్రంట్ స్ట్రీట్ ఫొటో ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. వెడల్పాటి మట్టి రోడ్డు, వెనక వరుసగా చెక్క దుకాణాలు, నడిమధ్యలో ఒక బోర్డు. దాని పైభాగాన ఆయుధాలు ధరించడం పూర్తిగా నిషిద్ధమని పెద్ద అక్షరాలు. అదే బోర్డు మీద కింద ప్రిక్లీ యాష్ బిటర్స్ అనే టానిక్కు వాడి చూడండి అని ప్రకటన. చట్టాన్నీ చేదుమందునీ ఒకే పలకకు కొట్టిన ఊరది.

నాటకంలో డిల్లన్ అమెరికా ప్రభుత్వ మార్షల్. అసలు లెక్క వేరు. పట్టణ మార్షల్‌ను ఊరి సభ నియమిస్తుంది. కౌంటీకి షెరీఫ్‌ను ఓటర్లు ఎన్నుకుంటారు. కేంద్రం నియమించే మార్షల్ రాష్ట్రం మొత్తానికి ఒక్కడే. అతను డాడ్జ్ సిటీ సెలూన్‌లో కుర్చీ వేసుకుని కూర్చోడు. సినిమాలు ఆకాశానికెత్తిన వయట్ ఎర్ప్ అక్కడ సహాయ మార్షల్‌గానే పనిచేశాడు. బ్యాట్ మాస్టర్సన్ 1877 ఎన్నికల్లో మూడంటే మూడే ఓట్ల ఆధిక్యంతో కౌంటీ షెరీఫ్ అయ్యాడు. అతని అన్న ఎడ్ మాస్టర్సన్ పట్టణ మార్షల్. 1878 ఏప్రిల్‌లో తాగి ఉన్న ఒక కౌబాయ్ దగ్గర తుపాకీ లాక్కోబోయి ఎడ్ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వీధిలో ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు తుపాకీ తీస్తారో తేల్చుకునే ద్వంద్వ యుద్ధాలు సినిమాల సొత్తు. నిజంగా చావు వచ్చింది ఇలాంటి పెనుగులాటల్లోనే.

మరి శవాలు గుట్టలుగా పడ్డాయా అంటే, లేదు. చరిత్రకారుడు రాబర్ట్ డైక్‌స్ట్రా 1870 నుంచి 1885 వరకు కాన్సస్‌లోని ఐదు పశువుల పట్టణాల్లో జరిగిన హత్యల్ని లెక్కగట్టాడు. అన్నీ కలిపి 45. రేడియోలో డిల్లన్ ఎదుర్కొన్న చావులు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అయినా నాటకం ఆ ఊరి ఆత్మను పట్టుకుందనే చెప్పాలి. డోరా హ్యాండ్ ఉదంతం చూడండి. ఆమె డాడ్జ్ సిటీలో ఊరంతా మెచ్చిన గాయని. 1878 అక్టోబరులో ఒక తెల్లవారుజామున, ఊరి మేయర్ జేమ్స్ కెల్లీ ఇంట్లో నిద్రపోతున్న ఆమెకు బయటినుంచి దూసుకొచ్చిన తూటా తగిలింది. కాల్చింది స్పైక్ కెనెడీ అని ఊరంతా అనుకుంది. అతను టెక్సస్ పశువుల ఆసామి కొడుకు, మేయర్‌తో గొడవపడినవాడు. మేయర్ ఆ రాత్రి ఊళ్లో లేడని అతనికి తెలియదు. మాస్టర్సన్, ఎర్ప్, చార్లీ బాసెట్, బిల్ టిల్‌మన్ గుర్రాల మీద వెంటాడి అతన్ని గాయపరిచి పట్టుకొచ్చారు. తీరా విచారణలో సాక్ష్యం చాలలేదని వదిలేశారు. ఓ అమాయకురాలు పోయింది, డబ్బున్న కుర్రాడు ఇంటికి వెళ్లాడు. లోన్ రేంజర్ అయితే ఈ ముగింపును ఒప్పుకునేవాడు కాదు. మెస్టన్ రాసే కథలు మాత్రం సరిగ్గా ఈ దారినే నడిచేవి.

ఇక స్టూడియోకి వద్దాం. మార్షల్ గొంతు ఎవరిది? మెక్‌డానెల్ మనసులో విలియం కాన్రాడ్ ఉన్నాడు. 1946 నాటి 'ది కిల్లర్స్' సినిమాలో చిన్న హోటల్లోకి నడిచొచ్చే ఇద్దరు హంతకుల్లో ఒకడిగా వేసినవాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. సీబీఎస్ పెద్దలు మొదట వద్దన్నారు. ప్రతి నాటకంలోనూ వినిపించే గొంతే కదా, జనానికి విసుగొస్తుందని వాళ్ల భయం. చాలామందిని పరీక్షించి చివరికి అతని దగ్గరికే వచ్చారు. కాన్రాడ్ పలికిన డిల్లన్‌లో వీరత్వం కన్నా అలసట ఎక్కువ వినిపిస్తుంది. మనిషిని చంపాక అతని గొంతులో గెలుపు ఉండదు. ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నానని తనను తాను అడుక్కుంటాడు, జవాబు దొరక్క మళ్లీ వీధిలోకి నడుస్తాడు.

డిల్లన్ పక్కనుండే మనిషికి తొలి స్క్రిప్టులో పేరే లేదు, ఊరివాడు అని మాత్రం రాసి ఉంది. మనిషికి పేరుండాలని కాన్రాడ్ పట్టుబడితే చెస్టర్ అన్నారు. ఆ పాత్ర వేసిన పార్లీ బేర్ తర్వాతెప్పుడో మాటల మధ్య తనే వెస్లీ ప్రౌడ్‌ఫుట్ అని ఇంటిపేరుతో సహా తగిలించేశాడు. డాక్టర్ పాత్ర మరీ తమాషా. హోవర్డ్ మెక్‌నియర్ పలికిన ఆ ముసలాయన తొలి రోజుల్లో శవపరీక్షకు ఫీజు వస్తుందని లోలోపల మురిసిపోయేవాడు. ఆ ధోరణి చూసి కాన్రాడ్‌కు చావు మీద జోకులేసే కార్టూనిస్టు చార్లెస్ ఆడమ్స్ గుర్తొచ్చాడట. అలా డాక్టరుగారు చార్లెస్ ఆడమ్స్ అయ్యారు. సెలూన్‌లో పనిచేసే కిట్టీగా జార్జియా ఎల్లిస్. కిట్టీ వృత్తి ఏమిటో నాటకంలో ఎన్నడూ పేరుపెట్టి చెప్పలేదు, పెద్దవాళ్లకు చెప్పనవసరమూ లేదు. నిర్మాత మాత్రం 1953లో ఒక వారపత్రికతో మాట్లాడుతూ ఆ సంగతి దాచకుండా చెప్పేశాడు. లోన్ రేంజర్ ఊళ్లో ఇలాంటి స్త్రీకి నిలువ నీడ కూడా దొరికేది కాదు.

విజయవాడ కేంద్రం ఆదివారం మధ్యాహ్నం వేసే నాటకాలు విని పెరిగినవాళ్లకు ఒక్క తలుపు కిర్రుమంటే ఎంత దృశ్యం కళ్లముందు లేస్తుందో వేరే చెప్పాలా? 'గన్‌స్మోక్' ఆ విద్యను అంచుదాకా తీసుకెళ్లింది. రే కెంపర్, టామ్ హ్యాన్లీ, బిల్ జేమ్స్ అనే శబ్దకారులు నటులతో సమానంగా కథ చెప్పారు. డిల్లన్ వీధి దాటుతున్నాడంటే, చెక్క బాట మీద బూట్ల చప్పుడు, మడమకున్న ముల్లు గలగల, బాట దిగగానే మట్టిలో మెత్తబడిన అడుగు, అవతల మళ్లీ చెక్క, ఆ తర్వాత ఊగుడు తలుపులు. ఒక్క అడుగైనా తగ్గించరు. వెనక ఎక్కడో కుక్క మొరుగుతుంది, పిల్లలెవరో ఆడుకుంటూ అరుస్తారు, దారినపోయేవాళ్ల మాటలు సగం వినిపించి ఆగిపోతాయి. స్టూడియోలో ఉత్తుత్తి తూటా పేలిస్తే టపాకాయలా వినిపిస్తోందని, తుపాకుల్ని ఆరుబయటికి తీసుకెళ్లి, నిజంగా కాల్చి, టేపు మీద పట్టుకొచ్చారు.

ఇంతకన్నా గొప్ప సాహసం నిశ్శబ్దం. రేడియోలో నాలుగు క్షణాలు ఏమీ వినిపించకపోతే సెట్టు చెడిపోయిందేమోనని శ్రోత మీట తిప్పుతాడు. మెక్‌డానెల్ ఆ భయం పెట్టుకోలేదు. కిట్టీ ఏదో అడుగుతుంది, డిల్లన్ పలకడు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఆ చప్పుడుతోనే జవాబు అందేది.

1952 డిసెంబరు చివర్లో ప్రసారమైన 'ది క్యాబిన్' ఈ పనితనానికి మంచి ఉదాహరణ. మంచు తుఫానులో చిక్కిన డిల్లన్ దారిలో కనిపించిన గుడిసె తలుపు తడతాడు. లోపల ఇద్దరు దుండగులు, వాళ్ల చేతిలో చిక్కిన ఒక యువతి. తండ్రిని చంపి ఆమెను చెరపట్టి ఉంచారు. డిల్లన్ కూడా బందీ అవుతాడు. బయట గాలి హోరు తగ్గదు, లోపల ముగ్గురు మగవాళ్ల మధ్య ఆమె గొంతు ఆశ వదిలేసినట్టుంటుంది. అదను చూసి డిల్లన్ ఇద్దరినీ చంపుతాడు. పిల్లల వెస్టర్న్‌లో కథ ఇక్కడ ఆగి సంగీతం మోగాలి. మెస్టన్ ఇక్కడే అసలు కథ మొదలెట్టాడు. రక్షించినవాడి మీద కృతజ్ఞత చూపే శక్తి కూడా ఆమెలో మిగల్లేదు. లోకంలో మంచివాళ్లూ ఉన్నారని డిల్లన్ నచ్చజెబుతాడు. అలాగని అంటుంటారు అన్నట్టుగా ఆమె పొడిగా ఓ మాట అంటుంది. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. క్రిస్మస్ వెళ్లిన వారంలో జనం ఇళ్లలో వినిపించిన నాటకం ఇది!

మెస్టన్ ఒక్కడే 180కి పైగా రేడియో కథలు రాశాడు. వాటిలో దుండగులంటే ముసుగు దొంగలే కారు. భార్యను కొట్టే రైతు, పగతో కుళ్లిపోయిన అన్న, గుంపు కట్టి ఉరితీయబోయే మర్యాదస్తులు వాళ్లలో ఉంటారు. డిల్లన్ చాలాసార్లు ఆలస్యంగా చేరుకుంటాడు. మనకు 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో పరిచయం చేసిన కౌబాయ్ ఇటాలియన్ సినిమాల బాటలో వచ్చినవాడు. ఇటలీవాళ్లు తెల్ల టోపీకి మసి పూయడానికి పదేళ్ల ముందే కాన్రాడ్ గొంతు రేడియోలో ఆ పని చేసేసింది.

జనం గమనించకుండా ఉంటారా? నోటిమాటగా పేరు పాకింది. ఏడాది దాటాక స్పాన్సర్లు వచ్చారు, ఆ తర్వాత లిగెట్ అండ్ మైయర్స్ అనే సిగరెట్ల కంపెనీ పట్టుకుంది. పోటీ కూడా లేచింది. 1953లో ఎన్‌బీసీ సాక్షాత్తూ జిమ్మీ స్టూవర్ట్‌ను పెట్టి 'ది సిక్స్ షూటర్' నడిపింది. అది చక్కటి నాటకమే, కానీ ఒక్క సీజనుకే ముగిసింది. 'గన్‌స్మోక్' మాత్రం 1961 జూన్ దాకా ఆగలేదు.

కానీ ఇంత పేరు వచ్చాక పేలీ మనుషులు దాన్ని రేడియోకే వదిలేస్తారా? 1954 నాటికే టీవీ మాట మొదలైంది. మెక్‌డానెల్, మెస్టన్ ఇద్దరికీ గుండె గుభేల్‌మంది. శబ్దంతో కట్టిన ఊరిని అట్టలతో, రంగులతో కట్టి చూపిస్తే పాడైపోతుందని వాళ్ల వాదన. స్టూడియోలోని నటులకు ఇంకో దిగులు. కాన్రాడ్ గొంతు వింటే ఆరడుగుల ఆజానుబాహువు కళ్లముందు నిలబడతాడు. అసలు మనిషి పొట్టి, భారీకాయం. గుర్రమెక్కితే ఎవరికి కష్టమో తోటి నటులు సరదాగా వాదించుకునేవాళ్లు కావచ్చు గానీ, నెట్‌వర్క్ పెద్దలు మాత్రం ఆ లెక్కను సరదాగా తీసుకోలేదు.

వచ్చే భాగంలో 1955. రేడియో బృందాన్ని పిలిచి మొక్కుబడిగా జరిపిన కెమెరా పరీక్షలు, ఆరడుగుల ఏడంగుళాల జేమ్స్ ఆర్నెస్‌ను స్వయంగా జాన్ వేన్ తెర మీద పరిచయం చేసిన సెప్టెంబరు రాత్రి, తమ పాత్రల్ని వేరేవాళ్లు టీవీలో వేస్తుంటే అవే పాత్రల్ని మైకు ముందు ఆరేళ్లపాటు పలుకుతూపోయిన నలుగురు నటుల కథ చూద్దాం. తన చేతిలోంచి జారిన డాడ్జ్ సిటీ పగ్గాలు మెక్‌డానెల్‌కు మళ్లీ ఎలా చిక్కాయో కూడా అక్కడే తెలుస్తుంది.